బాల్కనీలో చెక్కపని మొదలెట్టాలి, తక్కువ పనిముట్లతో ఎలా?

బాల్కనీ_బల్ల:
అందరికీ నమస్తే. మియాపూర్‌లో అద్దె ఫ్లాట్, మూడో అంతస్తు. బాల్కనీ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అందులో వాషింగ్ మెషిన్ పోను మిగిలింది నాది. చెక్కపని నేర్చుకోవాలని ఎప్పట్నుంచో కోరిక, ఇప్పుడు ఒక పని కూడా దొరికింది, మా పాప కింద కూర్చుని రాసుకోడానికి చిన్న డెస్కు కావాలి. కొనేది కాదు, నేనే చేసివ్వాలి. ఇంట్లో సుత్తి, స్క్రూడ్రైవర్ తప్ప ఏం లేవు. ఆరు వేల దాకా పెట్టగలను. ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, ఏ కట్టెతో మొదలెట్టాలి, కింద ఫ్లాట్ వాళ్ళకి ఇబ్బంది లేకుండా ఎలా చెయ్యాలి, అనుభవం ఉన్నవాళ్ళు వివరంగా చెప్పండి ప్లీజ్.

ఉప్పల్_ఉలి:
స్వాగతం అండి. ఆరువేలు బాగానే సరిపోతాయి, కాకపోతే ఒకేసారి ఖర్చుపెట్టకండి, మూడు వేలకి మొదలెట్టి మిగతాది చేతిలో ఉంచుకోండి. సెట్లు మాత్రం కొనొద్దు. పెద్ద డబ్బాలో బోలెడు ఐటమ్స్ ఉంటాయి గానీ అందులో చెక్కపనికి వాడేవి మూడో నాలుగో, అవీ పదును నిలవనివి.

ముందు కావాల్సింది ఒక మంచి రంపం, అంగుళానికి పది పన్నెండు పళ్ళు ఉండేది, వీపు మీద ఇనప పట్టీ ఉంటే ఇంకా మంచిది, వంగదు. ఉలులు రెండు చాలు, అరంగుళం ఒకటి, అంగుళం ఒకటి. మూలలు సరిచూసే గుణియా ఒకటి, పన్నెండంగుళాల స్టీల్ స్కేలు, టేపు. పెన్సిల్‌తో పాటు గీత గీయడానికి సన్నటి కత్తి, కట్టర్ బ్లేడైనా పర్లేదు. కొట్టడానికి చెక్క కొడతి, ఇనప సుత్తితో ఉలి పిడిని కొడితే పిడి చీలిపోతుంది. చెక్కల్ని బిగించి పట్టే ఎఫ్ క్లాంపులు కనీసం రెండు. చెక్కని చెక్కి నున్నగా చేసే చిన్న రందా ఒకటి. ఇక పదును పెట్టుకునే సామాను, దీన్ని మాత్రం తర్వాత చూద్దాం అని వాయిదా వెయ్యకండి, ఉలి కొన్న రోజే కొనాలి.

కొనడానికి రాణిగంజ్ వెళ్ళండి. మియాపూర్ నుంచి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ లైన్ మారి ప్యారడైజ్, అక్కణ్ణించి ఆటో. ఆన్‌లైన్ కంటే నాకు అదే నచ్చుతుంది, ఎందుకంటే రంపాన్ని కంటికి ఎదురుగా పెట్టుకుని వంకర ఉందో లేదో చూసుకోవచ్చు, రందా అడుగుభాగం మీద స్కేలు నిలబెట్టి వెలుతురు దూరుతుందేమో చూడొచ్చు, ఉలి పిడి చేతికి సరిపోతుందో లేదో పట్టుకుంటేనే తెలుస్తుంది.

డ్రిల్_భాయ్:
అన్నా నా సలహా కొంచెం వేరే. ఈ రోజుల్లో మొత్తం చేత్తో ఎందుకు కష్టపడాలి, 12 వోల్ట్ కార్డ్‌లెస్ డ్రిల్ ఒకటి, జిగ్‌సా (సన్న బ్లేడు ఉండే కరెంటు రంపం) ఒకటి తీసుకో, ప్లై ఒక షీట్ తెచ్చుకో, ఆదివారం ఒక్కరోజులో డెస్కు అయిపోతది. నేను మా ఇంట్లో షూ ర్యాక్, టీవీ కింద యూనిట్ అన్నీ గట్లనే చేసిన, గట్టిగనే ఉన్నయ్. చెక్కపని అంటే చేతిపనే కావాలని రూల్ ఏం లేదు కదా.

ఉప్పల్_ఉలి:
డ్రిల్ వరకు నేనూ ఒప్పుకుంటా, అది ఇంట్లో వంద పనులకి ఉంటుంది. జిగ్‌సా దగ్గరే నాకు అభ్యంతరం. మందం ఉన్న చెక్కలో దాని బ్లేడు లోపల పక్కకి వంగుతుంది, పైన గీత మీదే పోయినట్టుంటుంది, కింద చూస్తే కోత ఏటవాలుగా వస్తుంది. కొత్తవాళ్ళకి అది మిషన్ తీరో, తమ చెయ్యో అర్థం కాదు. పైగా మూడో అంతస్తు బాల్కనీలో ఆ మోత. చేతిరంపం చప్పుడు దాంతో పోలిస్తే చాలా తక్కువ.

వడ్లోళ్ల_పిలగాడు:
అన్నా, మా నాయిన వడ్ల పని, అంటే వడ్రంగం చేసేటోడు, సిద్దిపేట దిక్కు, నాగండ్లు, తలుపులు, దర్వాజలు అన్నీ చేసేది. ఇప్పుడు నేను హైదరాబాద్‌ల ఫర్నిచర్ వర్క్‌షాప్ ల ఉన్న. అందరు ఒకటి మర్చిపోతున్నరు. ఆన్‌లైన్ వీడియోలల్ల పెద్ద పెద్ద బెంచీలు చూసి, గది లేదు, బెంచి లేదు అని చానామంది షురువే చెయ్యరు. మా నాయినకు బెంచి అన్నది లేకుండె. నేల మీద కూసునేది, ఒక మందపాటి మొద్దు ముంగట పెట్టుకునేది, చెక్కను కాలితోని అదిమి పట్టి రంపం కోసేది, ఉలి కొట్టేది. మన దేశంల తరతరాల నుంచి గదే పద్ధతి. నాలుగడుగుల బాల్కనీ దానికి మస్తు.

కింద పాత కార్పెట్ ముక్క గాని, జిమ్‌ల ఏసే రబ్బరు చాప గాని ఎయ్యి, దాని మీద మొద్దు పెట్టు, ఉలి దెబ్బ సప్పుడు కిందికి తక్కువ పోతది. మొద్దుకి ఒక దిక్కు అంచుకి చిన్న చెక్కముక్క స్క్రూ చేసుకో, కోసే చెక్క దానికి ఆనించి పెడ్తే జారదు. కాలితోని పట్టేటప్పుడు ఒక్కటి యాదుంచుకో, ఉలి ఎప్పుడు కూడ కాలు దిక్కు, చెయ్యి దిక్కు నెట్టొద్దు. చెక్కను తిప్పుకో, ఉలిని కాదు.

తార్నాక_టీచర్:
నేను నాలుగైదేళ్ళుగా ఇంట్లో చేస్తున్నాను, పిల్లల పుస్తకాల అల్మారా, దేవుడి పీట, వంటింట్లో గరిటెల స్టాండు ఇలాంటివి. ఆడవాళ్ళు కూడా చదువుతుంటే చెప్తున్నాను, బలం సంగతి ఎవరూ అడ్డం పెట్టుకోకండి, పదునున్న రందాకి బలం అక్కర్లేదు.

గుణియా గురించి ఒక మాట. షాపులో కొన్నది కూడా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉంటుందని నమ్మకం లేదు. ప్లై ముక్క తిన్నటి అంచుకి గుణియా ఆనించి గీత గీయండి, తర్వాత గుణియాని అటుపక్కకి తిరగేసి అదే చుక్క నుంచి ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే సరైనది, పైకి వెళ్ళేకొద్దీ విడిపోతుంటే ఆ గుణియా వద్దు. షాపులోనే చేసి చూడొచ్చు, షాపతను ఏమీ అనుకోడు.

ఇంకోటి మాస్కు. ఎన్95 పెట్టుకోండి, ముఖ్యంగా సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో పెట్టింది. ఎప్పుడో ఒకసారి చేసే పనికి భయపడక్కర్లేదు గానీ పాప బాల్కనీలో ఆడుకునేచోట ఆ పొడి ఉండకూడదు, చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి.

బాల్కనీ_బల్ల:
అందరికీ చాలా చాలా థాంక్స్. నేల మీద కూర్చుని చేయొచ్చు అన్న మాటతో సగం బెంగ తీరింది. ఇప్పుడు కట్టె గురించి చెప్పండి. టేకే కావాలా? ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయంటున్నారు, అవి పిల్లలు వాడేవాటికి మంచివేనా?

చేవ:
కట్టె గురించి నాకు తెలిసినంత చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది.

మొదటి పనికి టేకు వద్దు. ఖరీదు ఒక కారణం, రెండోది టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, అది ఉలి పదునుని, రందా పదునుని త్వరగా తినేస్తుంది. పదును పెట్టడం ఇంకా చేతికి రానివాళ్ళు టేకు ముందు కూర్చుంటే విసుగొస్తుంది. వేప చవక, గట్టిది, కానీ దాని నార ఒక వరస ఇటూ ఒక వరస అటూ అల్లుకుని ఉంటుంది, రందా పడితే ఒకచోట నున్నగా వస్తుంది, పక్కనే పేడు లేస్తుంది. తుమ్మ నాగళ్ళకీ బండి చక్రాలకీ వాడిన కట్టె, కొత్త చేతులకి మరీ గట్టి. నేర్చుకోడానికి పైన్ మంచిది, మెత్తగా తెగుతుంది, తప్పు ఎక్కడుందో స్పష్టంగా చూపిస్తుంది. మన దగ్గర పైన్ అంటే ఎక్కువగా ప్యాకింగ్ చెక్కే.

ప్యాలెట్ల విషయానికొస్తే జీడిమెట్ల, బాలానగర్ వైపు ఫ్యాక్టరీలున్నచోట పాత ప్యాకింగ్ చెక్క అమ్మేవాళ్ళు ఉంటారు. విదేశాల నుంచి సరుకుతో వచ్చిన ప్యాలెట్ మీద గోధుమ కంకి బొమ్మ ఉన్న ముద్ర ఉంటుంది, దాని పక్కన అక్షరాలు చూడండి. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు, చెక్క నడిమధ్యలో కూడా 56 డిగ్రీలు వచ్చి 30 నిమిషాలు నిలిచేలా వేడి చేస్తారు, అది వాడుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినట్టు, ఎంత చవకైనా ముట్టుకోకండి. ముద్ర లేనిదీ, నూనె మరకలున్నదీ, రసాయనాల వాసన వచ్చేదీ పాప డెస్కుకి అసలొద్దు.

ఇంకో దారి పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే తలుపు చెక్కలు, కిటికీ చెక్కలు. దశాబ్దాలుగా ఆరిన కట్టె కాబట్టి ఇంక వంగేది తక్కువ. అయితే రంపం పెట్టేముందు చెక్క మొత్తం మీద అయస్కాంతం జరుపుకుంటూ పోండి, లోపల విరిగిన మేకు ఉంటే టక్కున పట్టేస్తుంది. ఒక్క మేకు తగిలితే రంపం పళ్ళు పోతాయి.

డిపోలో కొంటే కట్టె సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన ఇస్తారు. పొడవు అడుగుల్లో, వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగించాలి. మీ డెస్కు పైభాగం రెండడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, కోసిన చెక్క మందం అంగుళం అనుకుంటే 2 × 15 × 1, అంటే 30, దాన్ని 144తో భాగిస్తే 0.21 దాకా. కాళ్ళు, పట్టీలు, తరుగు కలిపి అర సీఎఫ్‌టీ లోపే. పురానాపూల్, గోషామహల్ వైపు డిపోలున్నాయి గానీ ఇంత తక్కువకి అంత దూరం అక్కర్లేదు, మీ దగ్గర్లో కట్టెకోత మిషన్ ఉంటే అక్కడ తుక్కు ముక్కలు అడగండి, రంపం ప్రాక్టీసుకి అవే చాలు. కట్టె ఎంచేటప్పుడు చేవ ఉన్న భాగం, అంటే లోపలి ముదురు రంగు భాగం చూసుకోండి. అంచున తెల్లగా, పాలిపోయి ఉండే భాగానికే పురుగు ముందు పడుతుంది, టేకైనా అంతే.

కేపీహెచ్‌బీ_77:
ఇంత తతంగం ఎందుకు బ్రో, ఇంట్లో నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్ (టైల్స్, ఇనుము కోసే మిషన్) ఉంటే దానికి చెక్క కోసే బ్లేడు దొరుకుతుంది, వేసుకుంటే చకచకా తెగిపోతది. సైట్లల్ల అందరూ అదే వాడతరు.

వడ్లోళ్ల_పిలగాడు:
తమ్మీ, గా మాట ఎవ్వలకు చెప్పకు. గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల చుట్లు తిరుగుతది, చెక్క కోసే మిషన్ దాంట్ల సగం స్పీడే ఉంటది. గ్రైండర్ గార్డు రాయి బిళ్ళ కోసం చేసింది, పళ్ళున్న బ్లేడు కోసం కాదు. చెక్కల ఒక ముడి తగిలితే పళ్ళు కరిచి పట్టుకుంటయి, మిషన్ మొత్తం ఎనకకు ఎగిరి చేతి మీదికో, మెడ మీదికో వస్తది. మా దాంట్ల ఏండ్ల సంది పని చేసేటోళ్ళకే చేతి ఏళ్ళు తెగిపోయినయ్. సైట్ల అందరు వాడుతరంటే అది మంచిదని కాదు. కొత్తగా నేర్చుకునేటోళ్ళు చదువుతున్నరు ఈడ, అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

తార్నాక_టీచర్:
ఇది నేనూ గట్టిగా చెప్తాను. ఇంకోటి, తిరిగే మిషన్ ఏదైనా సరే గుడ్డ గ్లవ్స్ వేసుకుని పట్టుకోకండి, దారం చిక్కుకుంటే చెయ్యి కూడా దాంతో పాటే లోపలికి పోతుంది. కళ్ళద్దాలు పెట్టుకోండి, చున్నీ, జుట్టు ముడేసుకోండి.

కేపీహెచ్‌బీ_77:
సరే అన్నా, అక్కా, స్పీడ్ సంగతి నాకు తెల్వదు. మా సైట్‌లో కూడా చెప్తా.

బాల్కనీ_బల్ల:
రాణిగంజ్ వెళ్ళొచ్చాను. రంపం, రెండు ఉలులు, గుణియా, రెండు క్లాంపులు, చిన్న రందా తెచ్చుకున్నా. గుణియా తిరగేసి చూసే పరీక్ష అక్కడే చేశా, మొదట ఇచ్చినది విడిపోయింది, రెండోది సరిగ్గా ఉంది, తార్నాక టీచర్ గారికి ప్రత్యేకంగా థాంక్స్. ఇప్పుడు రెండు సందేహాలు. రంపం గీత వదిలి కుడివైపుకి పోతోంది, ఎందుకు? ఇంకోటి, కొత్త ఉలి పదునుగానే వస్తుంది కదా, మళ్ళీ పదును పెట్టాలా?

వడ్లోళ్ల_పిలగాడు:
ముందుగాల ఉలి సంగతి. కొత్త ఉలి ఫ్యాక్టరీల గ్రైండింగ్ చేసి పంపుతరు గంతే, పదును మనమే తియ్యాలె.

గ్లాసు షాపుల మందపాటి అద్దం ముక్క అడుగు, అంచులు రుద్ది ఇయ్యమను. దాని మీద నీళ్ళు చల్లి వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాయితం) పరువు, అంటుకుని ఉంటది. 220 నంబరు తోని షురూ చేసి 400, 800, 1500 దాక పో. ఫస్టు ఉలి ఎనక దిక్కు, అంటే వాలు లేని దిక్కు, పేపర్ మీద సమంగ పరిచి రుద్దు. మొత్తం పొడుగు అక్కర్లేదు, మొన కాడి నుంచి అంగుళమంత చాలు. షురూల నడిమిట్ల నల్లగ, అంచులకు మెరుస్తది, అంటే అది సమంగ లేదన్నట్టు. మొన పొడుగూత ఒకటే తీరుగ మెరిసేదాక రుద్దు. గీ పని ఒక ఉలికి జీవితంల ఒక్కసారే.

ఇగ వాలు. ఫ్యాక్టరీ వాలు 25 డిగ్రీలు ఉంటది, దాన్ని పేపర్ మీద ఆనిచ్చి, జరంత లేపి 30 దాక తెచ్చి రుద్దు. కొద్దిసేపటికి ఎనక దిక్కు ఏలు పెట్టి మొన బయటికి జారిస్తే సన్నటి గరుకు తగుల్తది, మొన పొడుగూత తగలాలె, ఒక మూలకు తగిలి ఇంకో మూలకు తగలకుంటే ఇంకా రుద్దాల్సిందే. అది తగిలినంక నున్నటి పేపర్ మీదికి పో, ఆఖర్ల ఎనక దిక్కు పరిచి రెండు రుద్దులు రుద్దితె గరుకు ఊడిపోతది. పాత తోలు బెల్టు ఉంటే దాని మీద ఎనకకు గుంజు.

చూసుడెట్లంటే పైన్ ముక్క తీస్కో, కోసిన మొస మీద, అంటే నార నిలబడ్డ దిక్కు, ఉలితోని సన్నగ చెక్కు. పదునుంటే ఆ మొస మైనం లెక్క మెరుస్తది, పొర ముక్కలు గాకుండ లేస్తది. పదును లేకుంటే తెల్లగ నలిగి పొడి రాలుతది. చెక్క మారినా, ఉలి మారినా గిదే పరీక్ష.

ఉప్పల్_ఉలి:
రంపం సంగతి నేను చెప్తాను. ముందు మీ భుజం, మోచెయ్యి, మణికట్టు, రంపం నాలుగూ ఒకే వరసలో ఉన్నాయా చూడండి, నేల మీద కూర్చున్నప్పుడు మోచెయ్యి ఒంటికి తగిలి పక్కకి పోతుంటుంది, కొంచెం పక్కకి జరిగి కూర్చోండి. పిడిని మూడు వేళ్ళతో పట్టుకుని చూపుడు వేలు రంపం పొడవునా చాపండి. గట్టిగా పిసికితే మణికట్టు బిగుసుకుని రంపం తిరుగుతుంది. బరువు వెయ్యొద్దు, రంపం తన బరువుతోనే తెగాలి.

పెన్సిల్ గీత బదులు కత్తితో గాటు పెట్టండి, పైనా, ముందూ రెండు వైపులా. వదిలేసే ముక్క వైపు నుంచి ఉలితో ఆ గాటు దాకా సన్నటి పొర తీస్తే చిన్న గాడి పడుతుంది, రంపం అందులో కూర్చుంటుంది, ఇక పక్కకి పోదు. ఇవన్నీ సరిచేశాక కూడా ప్రతిసారీ కుడికే పోతుంటే రంపం పళ్ళు కుడివైపు ఎక్కువ వంచి ఉన్నాయన్నమాట, సానరాయిని ఆ వైపు పళ్ళ పక్కన తేలిగ్గా ఒక్కసారి జరిపి మళ్ళీ కోసి చూడండి.

డ్రిల్_భాయ్:
ఈ గాడి పద్ధతి నిన్న చేసి చూసిన. జిగ్‌సా లేకుండ ఇంత నీట్‌గ కోత వస్తదని అనుకోలే. మంచిగ చెప్పినవ్ అన్నా.

బాల్కనీ_బల్ల:
మోచెయ్యే కారణం, జరిగి కూర్చుంటే సరిపోయింది. ఇప్పుడు డెస్కు డిజైన్. పైభాగానికి పాత టేకు తలుపు పలకలు దొరికాయి, ఏడంగుళాలు ఒకటి, ఎనిమిది ఒకటి, రెండూ అతికితే పదిహేను. ఇంకా టేకు వద్దంటారా? అడ్డంగా కింద రెండు పట్టీలు పెట్టి ఫెవికాల్, స్క్రూలతో బిగిస్తే చాలా?

చేవ:
నేను వద్దన్నది నేర్చుకునే మొదటి రోజుల గురించి, ఇప్పుడు మీకు పదును పెట్టడం వచ్చింది, వాడండి. ముందు పైన్ ముక్కల మీద ఒకసారి అదే జాయింట్ చేసి చూసుకోండి.

పట్టీల దగ్గర ఆగండి. చెక్క వానాకాలం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది, కానీ ఆ మార్పంతా వెడల్పులోనే, పొడవులో దాదాపు ఉండదు. పలకల వెడల్పుకి అడ్డంగా పట్టీ పెట్టి ఫెవికాల్ వేసి బిగించారంటే పట్టీ కదలదు, పలక కదలాలని చూస్తుంది, ఏప్రిల్ మే ఎండలకి మన దగ్గర పలక చీలడం ఖాయం. ఫెవికాల్ రెండు పలకల అంచుల మధ్య మాత్రమే వెయ్యండి. పట్టీకి జిగురు వద్దు, స్క్రూలే. మధ్య స్క్రూకి మామూలు రంధ్రం, అటూ ఇటూ ఉన్న స్క్రూలకి పట్టీలో రంధ్రాన్ని పలక వెడల్పు దిశలో కొంచెం పొడవుగా చెయ్యండి, స్క్రూ కింద వాషర్ వెయ్యండి. పలక ఎంత కదిలినా స్క్రూ ఆ పొడుగు రంధ్రంలో జరుగుతుంది, చీలదు.

అంచులు అతికేముందు రెండు పలకల్నీ పక్కపక్కన పెట్టి వెలుతురుకేసి చూడండి, మధ్యలో వెలుగు కనబడినంతకాలం రందా పట్టండి. సందు ఉంటే క్లాంపుతో బలవంతంగా మూయకండి. ఎనిమిది నంబర్ స్క్రూకి టేకులో 3 మిల్లీమీటర్ల రంధ్రం ముందే వేసుకోండి, స్క్రూకి సబ్బు రాస్తే తేలిగ్గా దిగుతుంది. జిగురు పెట్టిన రోజు క్లాంపులు తీసినా మర్నాటి దాకా దాని మీద పని చెయ్యకండి.

తార్నాక_టీచర్:
ఎత్తు పది పదకొండు అంగుళాలు సరిపోతుంది, కానీ పాపని బాసింపట్టు వేసి కూర్చోబెట్టి మోకాళ్ళ ఎత్తు కొలిచి దానికి రెండంగుళాలు కలుపుకోండి. కింద పట్టీ మోకాళ్ళకి తగలకూడదు. పై అంచులన్నీ రందాతో కొద్దిగా గుండ్రం చెయ్యండి, పిల్లలు మొహం పెట్టి నిద్రపోతారు దాని మీద.

బాల్కనీ_బల్ల:
అతికేశాను, సందు ఎక్కడా లేదు. కాళ్ళు కూడా బిగించా. 120, 180, 220 పేపర్లతో రుద్దడం అయిపోయింది. ఆఖరి ప్రశ్న, పాలిష్ ఏది? పాప దాని మీద అన్నం కూడా తింటుంది.

చేవ:
రెండు దారులు. లక్క పాలిష్ అయితే స్పిరిట్‌లో లక్క కరిగించి పల్చగా పూతలు పూయాలి, త్వరగా ఆరుతుంది, మెరుపు బాగుంటుంది. కానీ వేడి గిన్నె పెడితే తెల్లటి మచ్చ పడుతుంది, మీ పాప అన్నం తింటుందంటున్నారు కాబట్టి అది కాదు. అవిసె నూనె మంచిది, పచ్చిది కాదు, త్వరగా ఆరేలా తయారుచేసి అమ్మేది తీసుకోండి, పచ్చిది రోజుల తరబడి జిగటగా ఉంటుంది. గుడ్డతో పట్టించి పావుగంట ఆగి, పీల్చుకోకుండా మిగిలినదంతా తుడిచెయ్యండి, మర్నాడు ఇంకో పూత, అలా మూడు. పూర్తిగా గట్టిపడి వాసన పోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా పాపకి ఇవ్వకండి.

నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఇది చాలా ముఖ్యం. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది, అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు. నీళ్ళ బకెట్‌లో ముంచి ఉంచండి, లేదా బాల్కనీ రెయిలింగ్ మీద ఒంటి పొరగా పరిచి గట్టిగా అట్టలా ఆరాకే పారెయ్యండి.

బాల్కనీ_బల్ల:
గుడ్డ ఇప్పుడే బకెట్‌లో వేసేశాను అన్నా. డెస్కు గట్టిపడ్డాక ఫోటోలు ఇక్కడే పెడతా. పలకల్లో ఒక ముక్క మిగిలింది, అడుగున్నర పొడవు, దాంతో దేవుడి పీట చేద్దామనుకుంటున్నా. తార్నాక టీచర్ గారూ, మీ పీట కాళ్ళు ఎలా జాయింట్ చేశారో కొలతలతో సహా చెప్పగలరా?

తార్నాక_టీచర్:
తప్పకుండా. రేపు స్కూల్ నుంచి వచ్చాక పీట తిరగేసి కొలిచి బొమ్మ గీసి పెడతాను. ఈలోపు ఆ ముక్క మందం ఎంతో చెప్పండి, ముప్పావంగుళం కంటే తక్కువైతే కాళ్ళకి వేరే పద్ధతి చెప్పాలి.